కారు స్టీరియో పాఠం: రంగును కాదు, మీటరును నమ్మండి



మా శంషాబాద్ జీవితం 2008 మార్చి 23 నుంచి మారిపోయింది. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు మొదలైన రోజు అది. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కూడా వచ్చింది. అప్పటిదాకా పొలం పనో, చిన్న దుకాణమో చూసుకునే ఇళ్ళలోని పిల్లలు క్యాబ్ నడపడం మొదలుపెట్టారు. నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న వారిలో కూడా చాలామంది ఇప్పుడు ఎయిర్‌పోర్టు రోడ్డు మీదే బతుకుతున్నారు.

వారిలో ఒకడు కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. వాడు కొన్న పాత కారులో స్టీరియో మూగబోయింది. ఫోనులో దారి చెప్పే గొంతు ట్రాఫిక్ హోరులో వినబడడం లేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని మాటిమాటికీ తల వంచి చూస్తూ నడుపుతున్నాడు. చేతిలో ఫోను పట్టుకుని బండి నడపడం చట్టప్రకారం నేరం. అంతకన్నా పెద్ద సంగతి, అది ప్రాణాలమీదికి వచ్చే పని. "సార్, మీరు కరెంటు పాఠం చెప్పారు కదా, ఈ సెట్టు మార్చి పెట్టండి" అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పే ఈ పాఠానికి మూలం. ముందు ఆ తప్పు చెప్పి, తరువాత సరైన పద్ధతి చెబుతాను.

నేను చేసిన తప్పు

వాడు ఐదున్నర వేలు పెట్టి కొత్త సెట్టు తెచ్చాడు. దాని వెనుక రంగురంగుల తీగలు. కారులోనుంచి వచ్చిన తీగలకూ రంగులున్నాయి. నేను కారు కప్లర్‌ను కత్తిరించేశాను. టెస్టు దీపం పెట్టి చూస్తే ఒక తీగలో కరెంటు దొరికింది. కొత్త సెట్టు పసుపు, ఎరుపు తీగలు రెండూ దానికే కలిపేశాను. స్పీకరు తీగలను రంగుకు రంగు చూసి జతచేశాను. ఒక స్పీకరులో పాట వచ్చింది. వాడు సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను.

తరువాత వాడు బండి స్టార్టు చేయడానికి తాళం తిప్పాడు. పాట ఆగింది, కాలిన వాసన వచ్చింది. ఆ కారులో బూడిద రంగు తీగ అంటే తాళం తిప్పితే 12 వోల్టులు వచ్చే తీగ. కొత్త సెట్టు లెక్కలో బూడిద రంగు అంటే ముందు కుడి స్పీకరు. బూడిదకు బూడిద కలిపాను కాబట్టి, శబ్దం బయటికి రావలసిన ద్వారం గుండా బ్యాటరీ కరెంటు లోపలికి దూసుకుపోయింది. ఆంప్లిఫయర్ చిప్ కాలిపోయింది.

"పరవాలేదు సార్" అన్నాడు వాడు. సెట్టు డబ్బు నేను ఇచ్చేశాను గానీ, ఆ సెట్టు పనిలో వాడు పోగొట్టుకున్న రెండు రోజుల సంపాదన ఇవ్వలేకపోయాను. ఓమ్ నియమం ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసినవాణ్ణి, మీటరు పెట్టి కొలవకుండా రంగును నమ్మాను. ప్రయోగశాలలో పిల్లవాడు ఇలా చేస్తే మార్కులు తీసేసేవాణ్ణి.

ముందుగా తెలుసుకోవలసిన కొలతలు

కార్లలో రేడియో అమర్చడం కొత్త విషయం కాదు. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లోనే కారు రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. తరువాత క్యాసెట్టు, సీడీ, బ్లూటూత్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కానీ సెట్టు కూర్చునే గూడు కొలతలు మాత్రం చాలా కార్లలో ఒకే ప్రమాణం ప్రకారం ఉన్నాయి. జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీద దానిని డిన్ అంటారు. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. సెట్టు కొనే ముందు స్కేలు పెట్టి గూడు ఎత్తు, వెడల్పులతో పాటు లోతు కూడా కొలవండి. లోతు చాలక సెట్టు ముందుకు పొడుచుకు వచ్చిన సందర్భాలు చాలా చూశాను.

ఒక హెచ్చరిక. ఏసీ, వెనుక కెమెరా, కారు సెట్టింగులు అన్నీ ఒకే తెరలో కలిసి ఉన్న కొత్త కార్లతో ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టవద్దు. వారంటీ ఉన్న కారు తీగలను కోయవద్దు. ఈ పాఠం విడిగా తీయగలిగే సెట్టు ఉన్న పాత కార్లకు మాత్రమే.

కావలసిన వస్తువులు

డిజిటల్ మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, డాష్‌బోర్డు పలకలు గీతలు పడకుండా ఊడదీయడానికి ప్లాస్టిక్ పట్టీ, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసపు తీగ, వేడికి ముడుచుకునే ఇన్సులేషన్ గొట్టం, 1.5 వోల్టుల సెల్లు ఒకటి, కాగితం, పెన్సిలు. ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పోయిన సెట్టు ఖరీదులో సగం కూడా కాదు.

వీటితోపాటు మీ కారు మోడలుకు సరిపోయే కప్లర్ అడగండి. ఒక వైపు కారు సాకెట్టులో, మరో వైపు కొత్త సెట్టులో దిగే తీగల కట్ట అది. కప్లర్ దొరికితే కారు తీగ ఒక్కటి కూడా కోయనక్కరలేదు. రేపు కారు అమ్మినా పాత సెట్టు యథాతథంగా పెట్టుకోవచ్చు. నేను ఆ రోజు కప్లర్ కోసం ఒక్క గంట వెతికి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

రంగుల భాష

బయట కొనే సెట్లలో చాలావాటి తీగలకు ఒక వాడుక ఉంది:

పసుపు – ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. స్టేషన్లను, గడియారాన్ని గుర్తుంచుకునేది దీనివల్లే.
ఎరుపు – తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టులు.
నలుపు – ఎర్తు, అంటే కారు బాడీ.
నీలం – యాంటెన్నాకు కరెంటు పంపేది.
నారింజ – లైట్లు వేస్తే సెట్టు వెలుగు తగ్గించేది.
తెలుపు – ముందు ఎడమ స్పీకరు. బూడిద – ముందు కుడి.
ఆకుపచ్చ – వెనుక ఎడమ. ఊదా – వెనుక కుడి.

స్పీకరు తీగలు జంటగా వస్తాయి. చార లేనిది ప్లస్, అదే రంగు మీద నల్ల చార ఉన్నది మైనస్.

ఇది కొత్త సెట్టు మాట్లాడే భాష. కారు కంపెనీలు ఒక్కొక్కటి తమ సొంత భాష మాట్లాడతాయి. ఒకే ఆకారంలో ఉన్న కప్లర్‌లో కూడా కొన్ని యూరప్ కార్లలో పసుపు, ఎరుపు తీగల స్థానాలు తారుమారై ఉంటాయి. అందుకే రెండు భాషల మధ్య మీటరే దుబాసీ.

పద్ధతి

1. హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి బయటికి తీసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. పది నిమిషాలు ఆగండి. డాష్‌బోర్డులో పసుపు తొడుగు ఉన్న తీగలు, కప్లర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, మీటరు కూడా పెట్టవద్దు. కొన్ని కంపెనీ సెట్లకు దొంగల భయంతో రహస్య కోడ్ ఉంటుంది. బ్యాటరీ విప్పితే మళ్ళీ అది అడుగుతుంది. కాబట్టి ఆ కోడ్ కారు పుస్తకంలో ఉందో లేదో ముందే చూసుకోండి.

2. పలకలు ఊడదీసి, స్క్రూలు విప్పి, సెట్టును నెమ్మదిగా ముందుకు లాగండి. కప్లర్లు పీకే ముందు ఫోనుతో ఫొటో తీయండి. కాగితం మీద కప్లర్ బొమ్మ గీసి ప్రతి గడికి సంఖ్య వేయండి.

3. సెట్టు బయట ఉండగానే బ్యాటరీ తిరిగి కలపండి. మీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టి, నల్ల మొన బాడీలోని రంగులేని బోల్టుకు ఆనించండి. ఎర్ర మొనతో కప్లర్ గడులను ఒక్కొక్కటే చూడండి. రెండు గడులకు మొన ఒకేసారి తగలకూడదు. తాళం లేకుండా 12 వోల్టులు చూపే గడి పసుపుకు. తాళం ఒక మెట్టు తిప్పాక కొత్తగా 12 చూపే గడి ఎరుపుకు. పార్కింగు లైట్లు వేశాక 12 చూపే గడి నారింజకు. ప్రతిదీ కాగితం మీద రాయండి.

4. మళ్ళీ బ్యాటరీ మైనస్ విప్పండి. మీటరును ఓముల స్థానంలో పెట్టండి. బాడీతో దాదాపు సున్నా ఓములు చూపే గడి ఎర్తు.

5. మిగిలిన గడుల్లో ఏ రెండింటి మధ్య 3 నుంచి 4 ఓములు కనబడితే ఆ రెండూ ఒక స్పీకరు జంట. ఆ జంటకు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం తాకించండి. ఏ మూల నుంచి 'టక్' అని వినబడితే ఆ మూల స్పీకరు అది. స్పీకరు కాగితం బయటికి ఉబికితే సెల్లు ప్లస్ తాకిన గడి ప్లస్. లోపలికి పోతే మైనస్. ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారైతే అది కాలదు గానీ, మిగతావాటితో కలిసినప్పుడు మద్దెల మోత పలచబడుతుంది.

6. ఇప్పుడు కాగితం చూసి తీగలు కలపండి. మెలిపెట్టి, సోల్డర్ చేసి, పైన గొట్టం తొడిగి వేడిచేయండి. ఒట్టి టేపు చుట్టి వదిలేస్తే మన మే నెల ఎండకు డాష్‌బోర్డు లోపల జిగురు కరిగి టేపు ఊడిపోతుంది.

7. అన్నీ బిగించే ముందు పరీక్షించండి. తాళం తీస్తే సెట్టు ఆరాలి, మళ్ళీ వేస్తే స్టేషన్లు గుర్తుండాలి. ఎఫ్ఎంలో ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 పెట్టి వినండి. ఊరి మధ్యలో కూడా గరగరమంటే యాంటెన్నా ప్లగ్గు సరిగా దిగలేదేమో, నీలం తీగ వదిలేశారేమో చూడండి. తరువాత సెట్టు వెనుక భాగానికి ఇనుప పట్టీ ఆధారం ఇచ్చి బిగించండి. తీగలు స్టీరింగు కడ్డీకి, ఏసీ మీటలకు తగలకూడదు.

మూడు లెక్కలు

మొదటిది బ్యాటరీ లెక్క. నేను చేసినట్టు ఎరుపు, పసుపు రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే తీగకే కలిపితే, తాళం తీసినా సెట్టు ఆరదు. అది అర ఆంపియరు తీసుకున్నా రోజుకు 12 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 35. కారును ఎయిర్‌పోర్టు పార్కింగులో పెట్టి మూడు రోజులు ఊరికి వెళ్ళి వస్తే స్టార్టు కాదు. "కొత్త బ్యాటరీ వేయించాను, మళ్ళీ పోయింది" అనేవారు ముందు ఈ తీగ చూసుకోవాలి.

రెండవది వాట్ల లెక్క. అట్టపెట్టె మీద '4×50 వాట్లు' అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజి సుమారు 14.4. దానిని 1.414తో భాగిస్తే 10.2 వోల్టులు. 10.2ను వర్గం చేసి స్పీకరు 4 ఓములతో భాగిస్తే 26. సెట్టు లోపలి ఆంప్లిఫయర్ ఒక్కో స్పీకరుకు శబ్దం చెడకుండా నిలకడగా ఇవ్వగలిగింది సిద్ధాంతరీత్యానే 26 వాట్లు దాటదు, ఆచరణలో ఇంకా తక్కువ. పెట్టె మీది అంకెకు ఎక్కువ డబ్బు పెట్టకండి.

మూడవది ఫ్యూజు లెక్క. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 10దే వేయాలి. 20ది వేసినా, వెండి కాగితం చుట్టినా, తరువాత కాలేది ఫ్యూజు కాదు, తీగ. తీగ కాలితే కారు కాలుతుంది. అలాగే స్పీకరు మైనస్ తీగను ఎర్తుకు కలపకూడదు. నేటి సెట్లలో స్పీకరు తీగలు రెండింటిలోనూ బాడీతో పోలిస్తే సుమారు 6 వోల్టులు ఉంటాయి. ఎర్తుకు కలిపితే చిప్‌కు ప్రమాదం.

పాత సెట్టును పారేయకముందు

సెట్టు కాల్చిన వారం తరువాత, వాడి కారులోంచి తీసిన పాత కంపెనీ సెట్టును బల్ల మీద పెట్టుకున్నాను. ఈసారి తొందరపడలేదు. 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజు ద్వారా కలిపి, ఒక స్పీకరు తగిలించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. వెనుక ఫ్యూజు బాగానే ఉంది. మూత విప్పి భూతద్దంతో చూస్తే, కప్లర్ పిన్నుల్లో ఒకదాని చుట్టూ సోల్డరులో వెంట్రుకంత పగులు కనబడింది. ఏళ్ళ తరబడి గతుకుల్లో అదిరి అదిరి వచ్చిన పగులు. ఐరన్ వేడిచేసి ఒక్క చుక్క సోల్డర్ వేశాను. సెట్టు పలికింది.

ఐదున్నర వేలు కాల్చి నేర్చుకున్నది ఇదే: ఆ కారుకు కొత్త సెట్టు అవసరమే లేదు.

కాబట్టి మార్చే ముందు ఈ లోపాలు వరుసగా చూడండి:

అసలు వెలగకపోతే: కారు ఫ్యూజు పెట్టెలోది, సెట్టు వెనుకది, రెండు ఫ్యూజులూ చూడండి. తరువాత పిన్నుల దగ్గర సోల్డర్ చూడండి.
స్పీడు బ్రేకరు మీద పాట ఆగి వస్తుంటే: పగిలిన సోల్డరు, లేదా వదులైన కప్లర్.
శబ్దం తిప్పే గుండీ గెంతుతుంటే: లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి పదిసార్లు తిప్పండి.
సీడీ చదవకపోతే: కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో కటకాన్ని మెల్లగా తుడవండి. సెట్టు నడుస్తుండగా కటకంలోకి తొంగి చూడవద్దు.
క్యాసెట్టు ఈడుస్తుంటే: రబ్బరు బెల్టు సాగి ఉంటుంది. అదే కొలత బెల్టు వేయాలి.
ఇంజను వేగంతోపాటు ఈల పెరుగుతుంటే: ఎర్తు బోల్టు దగ్గర తుప్పు గీకి బిగించండి. తగ్గకపోతే సెట్టు లోపలి కెపాసిటర్లు ఎండి ఉండవచ్చు.

ఆ సెట్టులో ఆక్స్ రంధ్రం ఉంది. దానికి చిన్న బ్లూటూత్ పరికరం తగిలించాం. ఫోనులో దారి చెప్పే గొంతు ఇప్పుడు కారు స్పీకర్లలో వస్తుంది. ఫోను ఒళ్ళోంచి దిగి స్టాండు మీదికి చేరింది. నేను కోసిన కప్లర్‌ను మాత్రం ఒక్కో తీగా కొలిచి మళ్ళీ అతకడానికి ఒక పూట పట్టింది. కోయడానికి పట్టింది ఒక్క నిమిషమే.

చివరి మాట

ఆ అతికే పని నేను చేయలేదు, వాడి చేతే చేయించాను. మీటరు వాడు పట్టుకున్నాడు, కాగితం నేను పట్టుకున్నాను. తరగతిలో వాడికి ఓమ్ నియమం రాలేదు. ఆ రోజు కారు సీట్లో పడుకుని, "సార్, ఈ రెండింటికీ మధ్య 3.6 చూపిస్తోంది, ఇది స్పీకరే" అన్నాడు. తరువాత స్టాండులో తోటి డ్రైవర్ల సెట్లు చూసిపెట్టడం మొదలుపెట్టాడు. విమానాలు లేని వేళల్లో అదీ ఒక సంపాదన అయింది. ఒకసారి ఫోను చేసి, "ఇతను కూడా రంగు చూసి కలపబోయాడు సార్, ఆపేశాను" అన్నాడు.

ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఇళ్ళలో, అటక మీదో గ్యారేజీలోనో, మార్చేసిన పాత సెట్టు ఒకటి ఉంటుంది. జుమ్మేరాత్ బజారుకు తూకానికి పోయే ముందు, దగ్గరలోని బడిలో సైన్సు ఉపాధ్యాయుణ్ణి ఒకసారి అడగండి. ఒక పాత సెట్టు, ఒక మీటరు, ఒక పాత బ్యాటరీ ఉంటే పది మంది పిల్లలకు ఏడాది పొడవునా పాఠం చెప్పవచ్చు. పుస్తకంలో చదివిన వోల్టు, ఓము వాళ్ళ చేతికి తగులుతాయి. పాడుచేసినా ఎవరి కూలీ పోదు. నా విద్యార్థికి నేను నేర్పవలసింది తరగతి గదిలోనే, వాడి సొంత కారులో కాదు.